ఐస్ కోసం నడిచిన కారు

చక్రం కనిపెట్టిన రోజున మనిషి నాగరికుడయ్యాడని చరిత్ర చదివినవాళ్ళు అంటారు. చక్రం లేని మనిషికి ఐస్ ఇవ్వకూడదని తీర్మానించిన రోజున ఆ నాగరికత సంపూర్ణమైంది. ఆ గౌరవం న్యూ ఓర్లీన్స్ నగరానికి దక్కింది. ఇంకే నగరమూ పోటీకి రాలేదు.

హరికేన్ కార్డెలియా వచ్చి వెళ్ళాక ఊళ్ళో కరెంటు లేదు. ఎప్పుడొస్తుందని అడిగిన వాళ్ళందరికీ "త్వరలో" అని జవాబొచ్చింది. (ఈ ఊళ్ళో "త్వరలో" అంటే గడువు కాదు, పరామర్శ.) వీధి పొడవునా ఫ్రిజ్‌లు ఇళ్ళలోంచి బయటికొచ్చి, బస్సు కోసం ఎదురుచూస్తున్న పెద్దమనుషుల్లా అంచున నిలబడ్డాయి. కరెంటు పోయి కుళ్ళిన ఫ్రిజ్‌ను తెరవకూడదని ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. నడుం చుట్టూ టేపు బిగించి, ఉన్నదున్నట్టు ఈడ్చుకొచ్చి వదిలెయ్యడమే. పక్కింటి ఎర్లీన్ తన ఫ్రిజ్ తలుపు మీద "లోపల మా ఆడపడుచు ఉంది, లేపకండి" అని పెద్దక్షరాలతో రాసి పెట్టింది.

ఆ వీధిలో బయటికి రాని ఫ్రిజ్ ఒక్కటే. అది ఓడీల్ డుసెట్‌ది.

ఓడీల్ ఇల్లు స్తంభాల మీద కట్టింది కాబట్టి వరద చివరి మెట్టు దాకా వచ్చి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయింది. ఆమె కారు స్తంభాల మీద కట్టింది కాదు కాబట్టి కప్పు దాకా మునిగింది. కారు కోసం ఆమె ఒకసారి నిట్టూర్చి ఊరుకుంది. ఆమె బెంగంతా ఫ్రీజర్‌లో ఉన్న ఒక ఐస్‌క్రీమ్ డబ్బా గురించి. అందులో ఉన్నది ఐస్‌క్రీమ్ కాదు, గంబో. రొయ్యలు, సాసేజీ, బెండకాయలు వేసి, పూట పూటంతా పొయ్యి దగ్గర నిలబడి, చిక్కగా, నల్లగా ఆమె భర్త అల్సైడ్ కాచిన పులుసు. పోయే ముందు వారం కాచాడు. డబ్బా మూత మీద కాగితం అంటించి "ఓడీల్, ముట్టుకోవద్దు. పండక్కి" అని రాశాడు. ఏ పండక్కో రాయలేదు. ఆ తర్వాత చాలా పండగలు వచ్చాయి.

కరెంటు పోయిన మర్నాడు వీధిలో అందరూ పొయ్యిలు పెట్టారు. ఎవరి ఫ్రీజర్లో మిగిలింది వాళ్ళు వండి, దారిన పోయేవాళ్ళకి కూడా పెట్టారు. ఈ ఊళ్ళో విపత్తు ఎప్పుడూ విందుతోనే మొదలవుతుంది.

"డబ్బా తీసుకురా మిస్ ఓడీల్. ఇవాళ తింటే విందు, ఎల్లుండి తింటే వాంతులు," అంది ఎర్లీన్, గరిటె ఊపుతూ.

"ముట్టుకోవద్దని రాసిపోయాడు."

"బతికుండగా ఆయన మాట ఒక్కటన్నా విన్నావా బంగారం?"

"అందుకే ఇదొక్కటీ వింటున్నా."

ఎర్లీన్ తమ్ముడు ఆర్విల్ ఎముక చప్పరిస్తూ, "అయితే ఐస్ కావాలి. మూసేసిన సూపర్‌మార్కెట్ ముందు, కార్లు నిలిపే మైదానంలో పంచుతున్నారంట," అన్నాడు.

ఓడీల్ ఎండలో నడిచి వెళ్ళింది. అక్కడ విపత్తు అనంతర శీతల ఉపశమన విభాగం వారు బల్లలు వేసి, జెండాలు పాతి, ఐస్ పంచుతున్నారు. దారి మొదట్లో కోల్బీ అనే కుర్ర జవాను, నారింజ రంగు చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. మర్యాదస్తుడు. మేడమ్ అనకుండా గాలి కూడా పీల్చడు.

"మేడమ్, ఐస్ కార్లలో వచ్చేవాళ్ళకే."

"నా కారు మునిగిపోయింది బాబూ."

"అయ్యో. చాలా బాధగా ఉంది మేడమ్. కారు తీసుకుని రండి."

"మునిగిపోయిందంటున్నా కదా! ఊరు మునిగింది గనకే కరెంటు లేదు, కరెంటు లేదు గనకే ఐస్ కావాలి."

"అర్థమైంది మేడమ్. నడిచి వచ్చేవాళ్ళు కార్ల మధ్య తిరిగితే ప్రమాదం కదా. మీ భద్రత కోసమే."

తన భద్రతను వెంటబెట్టుకుని ఓడీల్ ఇంటికి తిరిగొచ్చింది. డబ్బా చుట్టూ బొంతలు చుట్టి, ఫ్రీజర్ తలుపు మూసి, దానికి వీపు ఆనించి కూర్చుంది. మూత తీసి చూడలేదు గానీ, డబ్బా అంచు వేలితో నొక్కితే కొంచెం లొంగింది.

ఆర్విల్ మాత్రం ఊరుకోలేదు. జవాను చేతిలో ఉన్న నిబంధనల కాగితం లాంటిదే ఒకటి మైదానం కంచెకు అంటించి ఉంటే, వెళ్ళి చదివొచ్చాడు. అందులో వాహనం అంటే ఏమిటో చక్కగా నిర్వచించారు. నంబరు ప్లేటు ఉండాలి. స్టీరింగుతో తిరగాలి. సరుకు పెట్టడానికి డిక్కీ ఉండాలి. ఇంజను ప్రస్తావన లేదు. (తోసుకుంటూ తెచ్చిన కార్లకు కూడా ఐస్ అందాలన్న మానవతా దృష్టితో ఆ మాట తీసేశారట. ఆ దృష్టి తోసేవాళ్ళ దాకా వెళ్ళింది గానీ, నడిచేవాళ్ళ దాకా రాలేదు.)

మర్నాడు పొద్దున ఆర్విల్ మునిగిన కారులోంచి స్టీరింగు ఊడదీశాడు. నంబరు ప్లేటు విప్పాడు. ఎర్లీన్ బట్టలు ఆరేసే తాడు పట్టుకొచ్చింది. దాన్ని ముగ్గురి చుట్టూ నలుచదరంగా కట్టుకున్నారు. ముందు ఎడమవైపు ఎర్లీన్, స్టీరింగు పట్టుకుని. ఆమె సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి, ఇంకొకరి చేతికి ఇవ్వనంది. కుడివైపు ఓడీల్, రొమ్ము దగ్గర ప్లేటు పట్టుకుని. వెనక ఆర్విల్, మాసిన బట్టలు వేసి తోసుకెళ్ళే మూతబండితో. అతనే డిక్కీ.

ఎదురింటి గుమ్మంలో కూర్చున్నావిడ వాళ్ళని చూసి, "బ్యాండు ఏదర్రా?" అని మాత్రం అడిగింది. ఈ ఊరి వాళ్ళు పుట్టినప్పటి నుంచీ పెళ్ళికీ, చావుకీ బ్యాండు వెనక వరస కట్టి నడిచినవాళ్ళే. అడుగులు కలవడానికి సాధన అక్కర్లేకపోయింది.

"సిగ్నల్ దగ్గర ఆగాలా?" అంది ఓడీల్. సిగ్నల్ దీపాలు ఆరిపోయి ఉన్నాయి.

"దీపం లేకపోతే నాలుగు దిక్కులా చూసి కదలాలి. నా బండిలో ఉండగా నోరు మూసుకో," అంది ఎర్లీన్.

ఆర్విల్ గొంతులోంచి ఇంజను చప్పుడు తీస్తూ వచ్చాడు. దారి ఎత్తైనప్పుడల్లా ఆ చప్పుడు దగ్గుగా మారింది.

మైదానం దగ్గర కార్ల వరసలో నిలబడ్డారు. వెనక కారు నడుపుతున్న ఆవిడ హారన్ కొట్టి, తల బయటపెట్టి, "ఏమండీ, మీ వెనక లైటు పగిలింది!" అంది. ఎవరూ నవ్వలేదు. ఆ ఎండలో నవ్వు ఖర్చు చేసే స్తోమత ఎవరికీ లేదు.

కోల్బీ చేయెత్తి ఆపాడు. ప్లేటు చూశాడు. స్టీరింగు చూశాడు. కాగితం చూశాడు. మళ్ళీ మూడూ వరసగా చూశాడు.  బొంతల్లో డబ్బా లొంగుతూనే ఉంటుంది, ఈ కుర్రాడు చదువుతూనే ఉంటాడు అనిపించింది ఓడీల్‌కి.

"ఇంజను ఆపండి మేడమ్," అన్నాడు కోల్బీ.

ఆర్విల్ ఆగాడు.

"సీటు బెల్టు?"

ఓడీల్ నడుముకున్న ఏప్రన్ ముడి బిగించి చూపించింది.

"అందరూ వాహనంలోనే ఉండండి. డిక్కీ తెరవండి."

బండి మూత తెరుచుకుంది. ఒక కారుకి ఇచ్చే నాలుగు సంచులూ అందులో పడ్డాయి. దారి పక్కనున్న ఒక చిన్న కెమెరా, వచ్చిన ప్రతి కారుకీ తీసినట్టే, ప్లేటు ఫొటో తీసింది. "జాగ్రత్తగా నడపండి మేడమ్," అన్నాడు కోల్బీ. ఎర్లీన్ వెనక్కి తిరిగి చూసి, పక్కకి తిప్పి, సంకేతం ఇచ్చి మరీ బయటికి తీసింది.

గంబో పాడవకుండా నిలిచింది. కరెంటు "త్వరలో" వచ్చింది, అంటే ఆ ఐస్ చివరి ముక్క కరిగే వేళకి. ఫ్రీజర్ గుర్రుమన్న రాత్రి ఓడీల్ దాని పక్కనే కుర్చీ వేసుకుని, ఎవరో గురక పెడుతుంటే వింటున్నంత హాయిగా నిద్రపోయింది.

ఆ తర్వాత, కారు కోసం ఓడీల్ పెట్టుకున్న అర్జీకి జవాబుగా మునిగిన వాహనాల పరిహార విభాగం నుంచి ఉత్తరం వచ్చింది. వరద అనంతరం సదరు కారు ఐస్ వరసలో సలక్షణంగా నడుస్తూ కనబడినందున పరిహారం నిరాకరించడమైనది.

ఈసారి ఓడీల్‌కు కారు కోసం నిట్టూరిస్తే సరిపోదు. ఆమె నది అవతల ఒక స్కూలు వంటగదిలో పనిచేస్తుంది. స్కూలు సోమవారం తెరుస్తున్నారు. వంతెన మీద బస్సులు ఎప్పుడు తిరుగుతాయని అడిగితే మళ్ళీ ఆ పరామర్శే వినబడింది.

పరిహార విభాగంలో అప్పీళ్ళు వినే అధికారి పేరు థాడియస్ పింక్నీ. ఆయన గదిలో ఏసీ ఎంత చల్లగా ఉందంటే, ఐస్ పంచాల్సింది ఇక్కడ కదా అనిపించింది ఓడీల్‌కి.

"కారు ఇంకా వీధిలోనే ఉంది సార్. వచ్చి చూడండి, సీట్ల మీద నాచు మొలిచింది."

"చూడాల్సిన పని లేదమ్మా, ఫొటో ఉంది." ఆయన తెర ఇటు తిప్పాడు. "ప్లేటు స్పష్టంగా కనబడుతోందా?"

"ప్లేటు పట్టుకున్న వేళ్ళు కూడా కనబడుతున్నాయి. అవి నావి!"

"వేళ్ళు మా పరిధిలోకి రావు."

"మేం నడిచి వెళ్ళాం సార్. ముగ్గురం. తాడు కట్టుకుని."

పింక్నీ పెన్ను కింద పెట్టాడు. నిజాయతీని చూస్తే కరిగిపోయే మనిషి. "అలా అయితే మీరు కారు లేకుండా, కార్లకిచ్చే ఐస్ తీసుకున్నారు. కంగారు పడకండి, దానికీ దారి ఉంది. ఐస్ వాపసు ఇచ్చెయ్యండి. వాపసు రసీదు శనివారంలోగా తెస్తే మీ కారు మునిగినట్టే. నేనే సంతకం పెడతా."

"ఐస్ కరిగిపోయింది కదా సార్!"

"అందుకున్న రూపంలోనే ఇవ్వాలమ్మా. గడ్డగా. నాలుగు సంచులూ ఒకేసారి. మూడే ఇచ్చారనుకోండి, మీ కారు పావు వంతు నడిచినట్టవుతుంది. పావు వంతు నడిచే కారుకి మా దగ్గర పద్దు లేదు."

ఖాళీ సంచులు ఎర్లీన్ పారెయ్యలేదు. కడిగి, ఆ తాడు మీదే ఆరేసింది. ఊళ్ళో ఐస్ అమ్మే కొట్టు ఒక్కటీ ఇంకా తెరవలేదు. ఎర్లీన్ ఫ్రిజ్ వీధి అంచున ఆడపడుచుతో సహా నిలబడే ఉంది. మిగిలింది ఓడీల్ ఫ్రీజర్. సంచుల్లో నీళ్ళు నింపి ఒక్కొక్కటీ సర్దారు. మూడు పట్టాయి. నాలుగోది ఎటు తిప్పినా పట్టలేదు. ఆ చోటులో డబ్బా ఉంది.

ముగ్గురూ ఫ్రీజర్ ముందు నిలబడ్డారు.

"నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని గడ్డకట్టమని బతిమాలతా," అన్నాడు ఆర్విల్. ఎర్లీన్ అతని కాలు తొక్కింది.

"కారు వదిలెయ్యి బంగారం," అంది ఎర్లీన్ మెల్లగా. "ఇంకో దారి చూద్దాం."

"ఏ దారి? తాడు కట్టుకుని వంతెన దాటి పనికి వెళ్ళమంటావా?"

ఎర్లీన్ కిటికీలోంచి తాడు వైపు చూసింది. నిజానికి ఆమె అందుకు కూడా సిద్ధమే.

ఓడీల్ డబ్బా బయటికి తీసింది. మూత మీది కాగితాన్ని తడి తగలకుండా, చిరగకుండా ఒలిచి కిటికీ అద్దానికి అంటించింది. నాలుగో సంచిని ఆ చోటులో పెట్టి తలుపు మూసింది. అన్నం వండింది. గంబో పొయ్యి మీద కరుగుతూ, కరుగుతూ, ఇల్లంతా ఎవరో ఇప్పుడే చొక్కా చేతులు మడిచి వంటింట్లోకి వచ్చినట్టు వాసన కమ్మింది. ముగ్గురూ తిన్నారు. 

"ఎలా ఉంది?" అంది ఎర్లీన్.

"ఉప్పు తక్కువ," అంది ఓడీల్. "ఎప్పుడూ ఇంతే. చెబితే వినేవాడు కాదు." గిన్నె అడుగు వేలితో తుడిచి నాకింది.

శనివారం పొద్దున నాలుగు సంచులూ రాయిలా గట్టిపడ్డాయి. వాటిని మూతబండిలో పెట్టి, మీద బొంత కప్పి, ఓడీల్ ఒక్కతే తోసుకుంటూ బయలుదేరింది. తాడు లేదు, ప్లేటు లేదు. స్టీరింగు ఆమే వద్దంది. అది కనబడితే కారు మళ్ళీ నడిచినట్టవుతుంది.

ఎండ అప్పటికే నడినెత్తికి వస్తోంది. మైదానంలో ఐస్ వాపసు అని కొత్త బోర్డు పెట్టారు. దాని కింద వరసలో ఒక్క కారూ లేదు. కోల్బీ ఒక్కడే నిలబడి ఉన్నాడు. బండి చక్రాల పక్కన నేల మీద కరిగే ఐస్‌తో తడి గీత గీసుకుంటూ ఆమె అతని దగ్గరికి వచ్చింది. అతను వెంటనే గుర్తుపట్టాడు. ముఖం వికసించింది. ఆ వెంటనే ఆమె వెనకకి తొంగి చూసి, నిజంగానే నొచ్చుకున్నాడు.

"అయ్యో, కారు తేలేదా మేడమ్?" అన్నాడు. "ఆ రోజు బాగానే నడిచిందిగా!"