చప్పుడు చేయకుండా వాల్వు మార్చుట

ఆ గురువారం పొద్దున గుమస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య నైట్ డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటుంది. ఆవిడ లేచేలోపు ఫ్రిజ్ వాల్వు మార్చేయాలి. చప్పుడు కాకూడదు. అంతే. ఇంత చిన్న పనికి ఆయన ఆఫీసుకు సెలవు పెట్టి, బావమరిదిని కూడా పిలిపించుకున్నాడు. కోరి తెచ్చుకున్న కష్టానికి తోడొకరు ఉంటే బాగుంటుందని కాబోలు.

గుమస్తా పనిచేసేది నీళ్ళ శాఖలో, ఫిర్యాదుల విభాగంలో. ఊళ్ళో ఎక్కడ గొట్టం పగిలినా, ఏ కుళాయి ఎండినా ఆ మొర ముందు ఆయన బల్ల మీదికే వస్తుంది. ఆయన దానికో నంబరు వేసి, మీ ఫిర్యాదు అందినది అని జవాబు రాస్తాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో వేల లీకుల గురించి చదివాడు గానీ ఒక్క కుళాయినైనా చేత్తో విప్పి చూసిన పాపాన పోలేదు. చదివిందంతా చేతనైనట్టే అనుకోవడం గుమస్తాల జబ్బు. దానికి ఇంతవరకూ మందు రాలేదు.

భార్య పెద్దాసుపత్రిలో నర్సు. కొన్ని నెలలుగా అన్నీ రాత్రి డ్యూటీలే. పొద్దున్నే వస్తుంది, నిలబడే ఏదో నాలుగు ముద్దలు తింటుంది, చీకటి చేసిన గదిలోకి వెళ్ళి తలుపు మూసుకుంటుంది. అప్పటినుంచి ఆ ఇంట్లో గుమస్తా రాసిన చట్టం అమల్లోకి వస్తుంది. కాలింగ్ బెల్లుకు గుడ్డ చుట్టాలి. గ్లాసు బండ మీద పెట్టకూడదు, మడిచిన తువ్వాలు మీద పెట్టాలి. మిక్సీకి మధ్యాహ్నం దాకా సెలవు. మాట్లాడాల్సి వస్తే చేతులతో మాట్లాడాలి. బయట తలుపుకు "దయచేసి చప్పుడు చేయవద్దు" అని అట్ట వేలాడుతూ ఉంటుంది. పెళ్ళాం మీద ప్రేమను ఇంతకంటే గట్టిగా చాటడం ఆయనకు తెలియదు, చట్టం ప్రకారం గట్టిగా ఏదీ చేయకూడదు కూడా.

ఇంత చేసినా ఆవిడ కళ్ళ కింద నలుపు మాత్రం తగ్గలేదు. రోజురోజుకీ తోటకూర కాడలా వాడిపోతోంది. మొన్నైతే అన్నం కలుపుతూ కలుపుతూ కంచం ముందే కునికిపాట్లు పడింది. గుమస్తాకు గుండె చెరువైంది. మనిషి ఇలా అయిపోతుంటే చూస్తూ కూర్చోవడం ఎలా అని ఇల్లంతా గాలించి చివరికి దోషిని పట్టుకున్నాడు. ఫ్రిజ్ వెనక, కింద మూలన, గొట్టంలోంచి ఐసు గదిలోకి నీళ్ళు వదిలే చిన్న వాల్వు ఒకటి ఉంది. అది పాడై, నీళ్ళు లాగినప్పుడల్లా గుయ్యిమని మూలుగుతోంది. దానికి తోడు గొట్టం గోడకు టకటకా కొట్టుకుంటోంది. ఆ గోడకు అవతలే ఆవిడ తలగడ.

మెకానిక్కును పిలవచ్చు. కానీ ఆ మెకానిక్కు నమస్కారం పెడితే పక్క వీధికి వినిపిస్తుంది. అందుకని సెల్‌ఫోన్లు బాగుచేసే బావమరిది వచ్చాడు. ఫోను విప్పినవాడు దేన్నైనా విప్పగలడని అతని నమ్మకం. కొత్త వాల్వు జేబులో వేసుకుని మరీ వచ్చాడు.

"ఎంతసేపు బావా, కాఫీ చల్లారేలోపు అయిపోతుంది," అని గుసగుసగా హామీ ఇచ్చాడు.

మొదలు బాగానే ఉంది. ప్లగ్గు పీకారు. ఫ్రిజ్ కింద పాత దుప్పటి తోసి, పసిపిల్లను ఉయ్యాల్లోంచి తీసినంత మెల్లగా దాన్ని ముందుకు లాగారు. వెనక రేకు విప్పారు. ఇక సింకు కింద ఉన్న కుళాయి కట్టేస్తే ఫ్రిజ్‌కు నీళ్ళు ఆగిపోతాయి. బావమరిది వెళ్ళి సింకు కింద అలమారాలో తల దూర్చాడు. ఆ కుళాయి ఎప్పుడూ సగమే తెరిచి ఉంటుంది. ఎటు తిప్పమంటావని అతను చేత్తో అడిగాడు. గుమస్తా ఫ్రిజ్ వెనకనుంచి అతనికి ఎదురుగా నిలబడి, గడియారం ముల్లు తిరిగినట్టు గాలిలో వేలితో సున్నా చుట్టాడు. ఎదురుగా ఉన్నవాడికి అదే సున్నా తిరగబడి కనిపిస్తుందన్న సంగతి చట్టం రాసినవాడికి తట్టలేదు, పాటించినవాడికీ తట్టలేదు. బావమరిది చూసింది చూసినట్టే తిప్పి, అయిందని బొటనవేలు చూపించాడు. గుమస్తా నిశ్చింతగా గొట్టం బిగింపు విప్పాడు.

నీళ్ళు నేరుగా వచ్చి మొహాన కొట్టాయి. ఆయన అరవడానికి నోరు తెరిచాడు, లోపల నిద్రపోతున్న మనిషి గుర్తొచ్చి మూసుకున్నాడు, ఈలోగా నోరు నిండిపోయింది. కట్టేయమని ఇంకా వేగంగా సున్నాలు చుట్టాడు. బావ తొందరపడుతున్నాడని బావమరిది ఇంకా వేగంగా తిప్పాడు. కుళాయి పూర్తిగా తెరుచుకుని, ఆపైన తిరగడానికి దారిలేక దాని పిడి ఊడి అతని చేతికొచ్చింది. దాన్ని పైకెత్తి చూపించాడు. మాటలు లేకుండానే ఇద్దరికీ విషయం అర్థమైంది.

గుమస్తా గొట్టం నోటికి బొటనవేలు అడ్డం పెట్టి నేల మీద చతికిలబడ్డాడు. వేలు తీస్తే వరద, తీయకపోతే సన్నటి వాన. హాలు తడిసిపోతోందని బావమరిది కుర్చీలు, తివాచీ, చిన్న బల్ల ఒక్కొక్కటే చప్పుడు కాకుండా మోసి బయట వరండాలో పెట్టాడు. తడిసిన మొహం, నీళ్ళు కొట్టి ఎర్రబడ్డ కళ్ళు, భుజాన తువ్వాలు. ఎదురువాటా పిన్నిగారు తలుపు తీసేసరికి ఆ అవతారం కనిపించింది. పైన చూస్తే చప్పుడు చేయవద్దన్న అట్ట.

"అక్కకేమైనా అయిందా బాబూ?" అని ఆవిడ మెల్లగా అడిగింది.

అతను పెదవుల మీద వేలు పెట్టుకుని, పడకగది వైపు చూపించి, మాట్లాడొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. పిన్నిగారు గడప పట్టుకుని కాసేపు నిలబడింది. రాత్రింబగళ్ళు రోగుల మధ్య తిరిగే మనిషి, ఏం అంటుకుందో ఏమో, బంగారం లాంటి పిల్ల అని ముక్కు చీదుకుంది. తరవాత చీదుకుంటూనే మేడంతా తిరిగి నాలుగిళ్ళకూ చెప్పి వచ్చింది.

లోపల గుమస్తా జేబులో ఫోను వణికింది. బావమరిది దాన్ని తీసి ఆయన చెవికీ భుజానికీ మధ్య ఇరికించాడు. ఆఫీసులో ఆయన సీట్లో కూర్చున్న జూనియరు. కింది వాటాలో ఉండే రిటైర్డు డ్రాయింగు మాస్టారి ఇంటికప్పు కారుతోందట. మాస్టారు ఎవరితోనూ పోట్లాడే రకం కాదు, నేరుగా ఫిర్యాదు చేసే రకం. ఏం జవాబు రాయమంటారని జూనియరు అడిగాడు. చిరునామా విన్నాక గుమస్తా కళ్ళు మూసుకున్నాడు. తన వేలి సందుల్లోంచి కారి, నేలలోంచి దిగి, మాస్టారింట్లో పడి, టెలిఫోను తీగలెక్కి మళ్ళీ తన దగ్గరికే వచ్చిన నీళ్ళవి.

"ఇంటి లోపలి గొట్టాలు మన పరిధిలోకి రావని రాయి," అన్నాడు నీరసంగా.

"ఆయన చాలా కోపంగా ఉన్నారండీ."

"కోపం కూడా మన పరిధిలోకి రాదు."

ఆ జవాబు అందుకున్న మాస్టారికి జీవితంలో మొదటిసారి నోటితోనే పోట్లాడాలనిపించింది. విసవిసా మెట్లెక్కి వచ్చాడు. వరండాలో చూస్తే కుర్చీల నిండా మనుషులు. ఎవరూ మాట్లాడటంలేదు. పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. అక్కడ వేసి ఉన్నాయి కాబట్టి కుర్చీల్లో కొందరు కూర్చున్నారు, వాళ్ళు కూర్చున్నారు కాబట్టి మిగతావాళ్ళు తివాచీ మీద సర్దుకున్నారు. పిన్నిగారు ఆయన చెవిలో విషయం చెప్పింది. మాస్టారి కోపం పొంగిన పాలమీద నీళ్ళు చల్లినట్టు దిగిపోయింది. ఇలాంటి ఇంట్లో కప్పు కారుతోందని ఎలా అడుగుతాడు? పాపం, కుళాయి కట్టేసుకునే ధ్యాస కూడా లేనట్టుంది అనుకుని, తనే కిందికి దిగి మెట్ల దగ్గరున్న పెద్ద వాల్వు కట్టేశాడు. మేడ మొత్తానికీ నీళ్ళు ఆగిపోయాయి. ఆయన మళ్ళీ పైకొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

లోపల గుమస్తా వేలి కింద నీళ్ళు చచ్చిపడ్డాయి. ఎందుకాగాయో అడిగే ఓపిక ఆయనకు లేదు. అవకాశం పోతే రాదని ఇద్దరూ గబగబా పాత వాల్వు పీకి, కొత్తది పెట్టి, తీగలు తగిలించి, బిగింపులు బిగించారు. ఊడిన పిడిని కుళాయికి కొట్టి ఎక్కించారు. గుడ్డలతో నేలంతా ఒత్తి తుడిచారు. ప్లగ్గు పెట్టారు. గుయ్యి లేదు. టకటక లేదు. మేడ మొత్తం మీద ఒక్క కుళాయి కారడంలేదు. బయట పాతికమంది ఊపిరి కూడా ఆచితూచి వదులుతున్నారు. తలప్రాణం తోకకొచ్చినా సాధించానన్న తృప్తితో గుమస్తా తడి నేల మీదే గోడకు చేరగిలబడ్డాడు. ఇక ఆవిడ హాయిగా నిద్రపోతుంది.

పడకగది తలుపు దడాలున తెరుచుకుంది.

"ఎవరికేమైంది?" అంటూ ఆవిడ పరుగున వచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది, కళ్ళు ఇంకా తెరిపిడి పడలేదు. నేల మీద కూలబడ్డ మొగుణ్ణి చూసి క్షణం ఆలోచించకుండా మోకాళ్ళ మీద కూర్చుని మణికట్టు పట్టుకుంది. నాడి చూసింది, కనురెప్ప లాగి చూసింది. సరిగ్గా అప్పుడే కుర్చీలు లోపలికి తెద్దామని బావమరిది బయటి తలుపు బార్లా తెరిచాడు. వరండాలో ఉన్నవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. ఎవరికోసం వచ్చారో ఆవిడే తిరుగుతూ కనిపించేసరికి పిన్నిగారు మాత్రం మళ్ళీ కూలబడింది. నర్సు మొగుణ్ణి వదిలి ఆవిడ దగ్గరికి పరుగెత్తి, కాళ్ళు ఎత్తి పట్టించి, మొహాన నీళ్ళు చల్లమంది. నీళ్ళు లేవని అప్పుడు అందరికీ తెలిసింది. మాస్టారు వెళ్ళి వాల్వు విప్పాడు.

సంగతి తేలడానికి కొంచెంసేపు పట్టింది. వచ్చినవాళ్ళు నవ్వలేక, సంతోషించకపోతే బాగుండదు కాబట్టి సంతోషించి, పనులన్నీ పాడుచేసుకున్నామన్న మొహాలతో ఎవరి వాటాలకు వాళ్ళు వెళ్ళారు. బావమరిదికి కూడా ఉన్నట్టుండి కొట్లో పని గుర్తొచ్చింది. ఇంట్లో మొగుడూ పెళ్ళాం మిగిలారు.

"నీ నిద్ర చెడగొడుతోందనే దాన్ని మార్చాను," అన్నాడు గుమస్తా. "ఎంత జాగ్రత్తపడ్డా చివరికి లేపేశాను."

"మీరేం లేపలేదు," అంది ఆవిడ తడిసిన ఆయన తల తుడుస్తూ. "నీళ్ళు కొట్టడం, మీ ఇద్దరి గుసగుసలు, సామాన్లు జరపడం అన్నీ వింటూ హాయిగా పడుకున్నా. ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. గుండె ఝల్లుమని మెలకువ వచ్చేసింది."

ఆయనకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది.

"వార్డులో మిషన్లు కూస్తున్నంతసేపూ భయంలేదండీ. కూత ఆగితేనే పరుగెత్తాలి. మీరేమో ఇంట్లో పిల్లిలా తిరుగుతారు. ఉన్నారో, బయటికెళ్ళారో, ఎక్కడైనా పడిపోయారో తెలియదు. గంటకోసారి లేచి చెవులు రిక్కించుకుని కూర్చుంటున్నా. ఆ ఫ్రిజ్ మూలిగినప్పుడే కాస్త కునుకు పట్టేది."

గుమస్తా ఆవిడ కళ్ళ కింద నలుపు వైపు చూశాడు. అది ఏ వాల్వూ చేసిన పని కాదు. నెలల తరబడి మునివేళ్ళ మీద నడిచి నడిచి ఆయనే తెచ్చిపెట్టింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మరి చెప్పలేదేం?"

"ఇంత శ్రద్ధగా చూసుకుంటున్నారు. మీ మనసు నొచ్చుకుంటుందని."

ఆవిడ వెళ్ళి పడుకుంది. ఈసారి తలుపు మూయలేదు. గుమస్తా వంటింట్లోకి వెళ్ళి, కుళాయి ధారాళంగా తిప్పి, ఇంట్లో ఉన్న అంట్లన్నీ సింకులో దబదబా పడేసి తోమడం మొదలుపెట్టాడు. నాలుగో గిన్నె దగ్గరికి వచ్చేసరికి లోపలినుంచి సన్నగా గురక వినిపించింది. నడుము పట్టేసింది గానీ ఆపడానికి ధైర్యం చాలలేదు.

అంట్లు అయిపోయాక, తోమిన గిన్నెలే మళ్ళీ తోమాడు.