కెప్టెన్ గారి ఎనిమిదో చెయ్యి

ఆ పొద్దున బొమ్మలాయన పథకం చాలా చిన్నది. కంప్యూటర్లో ఆఖరి పేజీకి గీతలు దిద్దడం, సాయంత్రం ఆరింటిలోగా పుస్తకాన్ని ప్రెస్సుకు పంపడం, దిండు మీద తల వాల్చడం. సముద్రం అడుగున తిరిగే అంతరిక్ష నౌక, దానికో ఆక్టోపస్ కెప్టెన్. పదేళ్ళ పిల్లల కోసం తొంభై ఆరు పేజీల బొమ్మల కథ అది. నాలుగు నెలలుగా కంటికి కునుకు లేదు. ఆరు దాటితే ప్రెస్సువాళ్ళు వేరే పని ఎక్కిస్తారు, బడులు తెరిచేనాటికి పుస్తకం ఉండదు.

పదింటికి భార్య ఫోన్ చేసింది. ఆవిడ టీచరు. నమూనా ప్రతిని తన ఐదో తరగతికి పట్టుకెళ్ళింది.

“ఏమండీ, మా క్లాసులో ఓ పిల్ల పట్టేసింది. నలభయ్యో పేజీలో కెప్టెన్ చేతుల లెక్క తప్పిందట!”

ఎలా తప్పిందో అడిగేలోపే బడి గంట మోగింది, ఫోన్ ఆగింది.

తెర మీదున్న పేజీ చూశాడు. ఏడు చేతులు. దాని ముందుది చూశాడు. ఏడే. మధ్యలోంచి ఒకటి తెరిచాడు. అదీ ఏడే. ఇక నలభయ్యోది చూడటమెందుకు? అన్నం ఉడికిందనడానికి మెతుకు పట్టుకుంటే చాలదా?

వెంటనే ఎడిటరుకు ఫోన్ చేశాడు. ఎడిటరంటే భార్య అన్నే.

“బావా, కొంప మునిగింది.”

“సముద్రం కథే కదా, మునగనీ,” అన్నాడాయన. సంగతి విన్నాక మాత్రం గొంతు మారింది. “తలా ఒకటి అతికించెయ్ బావా! నువ్వు చేతులు పంపు, నేను మాటలు సర్దుతా.”

ఆఖరి పేజీ నుంచి వెనక్కి గీసుకుంటూ వచ్చాడు. లెక్కపెట్టే ఓపిక లేక కళ్ళు మూతలు పడుతూనే పేజీకో చెయ్యి పెట్టాడు. మొదటి పేజీలో నోట్లో ఏదో కరుచుకుని సొరచేప ఒక్కటే ఉంది. అమ్మయ్య అనుకుని దాన్ని వదిలేశాడు.

కొత్త చేతులు వెళ్ళి మాటల బుడగల మీద పడ్డాయి. ఎడిటరు బుడగలు జరిపాడు. అవి సొరచేప నోటికి తగులుకున్నాయి. “భయపడకండి పిల్లలూ, నేనున్నాను” అని సొరచేప, “మిమ్మల్ని నమిలేస్తా” అని కెప్టెన్! అవన్నీ మళ్ళీ సరిచేసేసరికి అయిదుంపావు.

అప్పుడొచ్చింది భార్య, చేతిలో పిల్ల రాసిన చీటీతో.

“మొదటి పేజీలోనే సొరచేప కెప్టెన్ చెయ్యి కొరికేసింది కదా. మరి నలభయ్యో పేజీలో ఎనిమిది ఎందుకున్నాయి? మిగతావన్నీ కరెక్టే.”

బొమ్మలాయన కుర్చీలో కూలబడి, ఫోన్‌లో ఎడిటరుకు చీటీ చదివి వినిపించాడు.

“పాత ఫైళ్ళున్నాయా బావా?” అనడిగాడాయన.

“వాటి మీదే సేవ్ చేశా.”

ఎడిటరు గొంతు సవరించుకున్నాడు. “తెగిన చెయ్యి ఆక్టోపస్‌కి మళ్ళీ మొలుస్తుంది బావా. రెండో పేజీలో ‘మొలిచింది’ అని ఒక్క ముక్క పడేస్తా. నువ్వు పడుకో.”

ఆరింటికి పది నిమిషాల ముందు పుస్తకం వెళ్ళిపోయింది. బొమ్మలాయన దిండు మీద తల వాల్చాడు.

“ఏమండీ, ఆ నలభయ్యో పేజీకి కూడా ఒకటి పెట్టారా?”

“అన్నిటికీ పెట్టా,” అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

పుస్తకం వేళకే వచ్చింది. కెప్టెన్ చేతులు అంతటా సరిగ్గా ఉన్నాయి. నలభయ్యో పేజీలో మాత్రం లెక్క తప్పింది.