చేలో ఉన్న ఎనిమిదో తరగతి

ఆగస్టు మూడో వారంలో చినరావిపాలెం హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలు ఇరవై ముగ్గురికీ కలిపి ఒకే బుర్ర అయింది. ఒకరు విన్న పాఠం అందరికీ వచ్చేసేది. విద్యాశాఖ కంగారుపడలేదు. ఇలాంటి వాటికి నమూనా పత్రం ముందే అచ్చయి ఉంది. హెడ్మాస్టరు జక్రయ్య గారు దాన్ని మూడు కాపీలు నింపి పంపారు.

అసలు సంగతి రోబోల పాఠం. రోబోకి తీగ లేకుండా ఆజ్ఞలు అందించే పెట్టెలు ముందొచ్చాయి, రోబో రాలేదు. అగ్గిపెట్టెంత ఉండే ఆ పెట్టెలు ఒకదాన్నుంచి ఒకటి మాట అందుకుంటాయి. మధ్యలో ఒకటి లేకపోతే ఇంకో దారి చూసుకుంటాయి. ఊళ్ళో పుకారు నడిచే పద్ధతే, కాకపోతే దీనికి గ్యారంటీ కార్డు ఉంది. పెట్టెల్ని బీరువాలో పెట్టకూడదు, వాడకంలో చూపించాలి అని పైనుంచి ఉత్తరం వస్తే, సైన్సు చెప్పే సుభాషిణి టీచర్ వాటిని పిల్లల మెళ్ళో కట్టింది. రోబో లేదు కనక అవి పిల్లల మధ్యే పని మొదలుపెట్టాయి.

ఒకరొస్తే అందరూ వచ్చినట్టేనని తేలింది. హాజరు యాప్ ఒక్క ముఖం చూసి ఇరవై మూడు టిక్కులు పెట్టేది. జనవరిలో మిరపకోతలు మొదలవగానే పిల్లలు వంతులేసుకున్నారు: రోజుకొకరు బడికి, మిగతావాళ్ళు కోతకి. ఏటా ఆ మూణ్ణెల్లూ బడి ఖాళీ అయి, జక్రయ్య గారికి సంజాయిషీలు రాసుకోవడంతోనే సరిపోయేది. ఈసారి నూటికి నూరు హాజరు. కాగల కార్యం గంధర్వులే తీర్చారని ఆయన ఊపిరి పీల్చుకున్నారు. మధ్యాహ్న భోజనం దగ్గర మాత్రం చిన్న లోపం కనిపించింది. ఒకరి ఆకలి అందరికీ చేరేది గానీ, ఒకరు తిన్న అన్నం ఎవరికీ చేరేది కాదు. నమూనా పత్రంలో దానికి గడి లేదు.

కోటేశ్వరి తన వంతుకి కూడా రాలేదు. తరగతి మొత్తంలో చురుకైన పిల్ల అదే. ఎలాగైనా దాన్ని మళ్ళీ బెంచీ మీద కూర్చోబెట్టాలని సుభాషిణి టీచర్ పట్టుదల. ఫిబ్రవరిలో ఆవిడ చేలోకే వెళ్ళింది.

"పిల్లని పంపు చలమయ్యా. రోబో కూడా వచ్చింది. అది చూడకుండా ఏం నేర్చుకుంటుంది?"

"రాకపోయినా వచ్చినట్టేనంట గదా టీచరమ్మా," అన్నాడు కోటేశ్వరి తండ్రి చలమయ్య. "హెడ్మాస్టరు గారే చెప్పారు."

కోటేశ్వరి సాలులోంచి తలెత్తకుండా అంది. "నాకన్నీ తెలుస్తానే ఉన్నాయి టీచర్. పొద్దున మీరు బోర్డు మీద కోణం తప్పేశారు. ఇవాళ వంతుకొచ్చిన శౌరిగాడు చెప్పడానికి భయపడ్డాడు."

తప్పు నిజమే. టీచర్‌కి సంతోషమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వచ్చే నెల రోబోల పోటీలో గెలిస్తే చలమయ్య మనసు మారకపోతుందా అనుకుంటూ బడికి తిరిగొచ్చింది.

మార్చిలో, నాలుగు కిలోమీటర్ల దూరంలోని మండల కేంద్రంలో రోబోల పోటీ పెట్టారు. రోబో గీత వెంట నడుస్తూ ఎర్ర బంతులు మాత్రమే ఏరి బుట్టలో వెయ్యాలి. పట్నం స్కూళ్ళ రోబోలు ఎరుపుకీ నారింజకీ తేడా తెలియక తికమకపడ్డాయి. చినరావిపాలెం రోబో పచ్చివాటి జోలికి పోలేదు, దోరవాటి జోలికీ పోలేదు. ఏడు నిమిషాల పని మూడు నిమిషాల్లో ముగించింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ రోజు వంతుకొచ్చిన శౌరి ఏమీ చెయ్యకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆజ్ఞ ఎక్కడ పుట్టిందో తెర మీద పడింది: కోటేశ్వరి, మిరపచేను, నాలుగో సాలు.

టీచర్ ఇదే అదనుగా, పోటీ చూడ్డానికొచ్చిన విద్యాశాఖ అధికారిని పట్టుకుంది. "సార్, ఆ పిల్ల జనవరి నుంచి బడికి రావట్లేదు. మీరొక్క మాట చెబితే వాళ్ళ నాన్న పంపుతాడు."

అధికారి తెర మీది మ్యాపు చూపించాడు. పిల్లలు దారి పొడవునా చేలల్లో ఉన్నారు. అందుకే ఆజ్ఞ ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి దూకుతూ ఇక్కడిదాకా వచ్చింది.

"అందరూ బడిలో కూర్చుంటే ఇది ఊరు దాటేదా మేడం?"

ఆవిడ మనసులో లెక్క వేసి చూసింది. దాటేది కాదు.

పోటీ అయిన ఐదో రోజున ఆర్డరు వచ్చింది. కోటేశ్వరిని ప్రస్తుత స్థానంలోనే కొనసాగించవలెననీ, బడికి పిలిచి సిగ్నలుకు భంగం కలిగించరాదనీ దాని సారాంశం. ఊళ్ళో డప్పులు మోగాయి. జక్రయ్య గారు లడ్డూలు పంచారు. చలమయ్య ఆర్డరుకి లామినేషన్ చేయించి, "మా వంశం మొత్తంలో గవర్నమెంటు ఆర్డరు వచ్చింది దీనికేనయ్యా," అని కళ్ళు తుడుచుకున్నాడు. అందరితో పాటు టీచర్ కూడా చప్పట్లు కొట్టింది. ఆవిడకి నిజంగానే గర్వంగా ఉంది, అందుకే భయమేసింది.

పోటీలో ఇచ్చిన మెడల్ తీసుకుని చేలోకి వెళ్ళి తనే పిల్ల మెళ్ళో వేసింది. పనికి అడ్డం రాకుండా కోటేశ్వరి దాన్ని చొక్కా లోపలికి తోసుకుంది. తలెత్తి అడిగింది.

"టీచర్, నాకు బంతులే కనపడ్డాయి. ఆ రోబో ఎంతుంటది?"

టీచర్ వంగి, మోకాలి కింద చెయ్యి పెట్టి చూపించింది.

"అంతేనా," అంది కోటేశ్వరి. "నాకన్నా పెద్దదేమో అనుకున్నా." మళ్ళీ వంగి కాయలు కొయ్యడం మొదలుపెట్టింది.