అత్తగారి పుట్టినరోజుకు చవక సరుకులు

మా ఆవిడ పెర్లీటా శనివారం ఏషియన్ కొట్టుకు వెళ్లిందంటే మూడు గంటలు. ఒక్కో చేపనూ పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు చూస్తుంది. నేను వెనకాల బండి తోస్తూ నిలబడతాను. కెనడాలోని ఈ విన్నిపెగ్‌లో నాలాంటి ఫిలిప్పీన్స్ మగాళ్లు వేలమంది ఉన్నారు గానీ, నా అంత బండి తోసినవాడు మాత్రం లేడు.

అందుకే మా అత్తగారి డెబ్బయ్యో పుట్టినరోజు ముందు ఒక ఎత్తు వేశాను.

"ఈసారి నేనొక్కణ్ణే వెళ్తాను. అరగంటలో, నీకంటే చవగ్గా తెస్తాను."

"మంచి చేపను ఎలా గుర్తుపడతారు?"

"కళ్లలోకి చూసి."

"నన్నూ అలాగే చూసి చేసుకున్నారుగా. సరే, వెళ్లిరండి. రేపు ఇరవైమంది వస్తున్నారు. చవకని చెప్పి మా అమ్మ పరువు తియ్యకండి."

కొట్టులో సగం పొట్లాల మీద చైనా రాత, మిగతా సగం మీద కొరియా రాత. నాకు రెండూ ఒకటే.

అప్పుడు కనిపించింది ఒక చైనా ముసలావిడ. పాత కోటు, చంకలో మడతపెట్టిన సంచి. ధర చీటీని ముక్కుకు ఆనించుకుని చదువుతోంది. చవక ఎక్కడుందో ఈవిడకు తెలియకపోతే ఇంకెవరికీ తెలియదనుకుని వెంటపడ్డాను. ఆవిడ చేప తలకాయలు తీసుకుంటే నేనూ తలకాయలే. ఆవిడ మచ్చపడ్డ కాకరకాయలు ఏరితే నేనూ ఏరాను. ఆవిడ బూడిద గుమ్మడికాయను తట్టి చెవి పెడితే నేనూ పెట్టాను, నాకేమీ వినపడలేదు.

చివర్లో ఆవిడ పసుపుపచ్చని పల్చటి కట్ట ఒకటి తీసుకుంది. మేము మాంసం చుట్టి వేయించే లుంపియాకు రేకులు కాబోలు, అదీ కారుచవక. నేను నాలుగు వేసుకున్నాను.

డబ్బు కట్టే చోట ఆవిడ గిరుక్కున తిరిగింది.

"ఏం నాయనా, గంట నుంచి నా వెంట పడ్డావు? నా సంచిలో ఏమీ లేదు."

"అయ్యో, అది కాదమ్మా. మా అత్తగారి కోసం సరుకులు. మీరు తీసుకున్నవే తీసుకుంటున్నాను."

ఆవిడ నా బండిలోకి చూసింది. పసుపుపచ్చ కట్టల దగ్గర ఆగింది. ముఖం మెత్తబడింది.

"పెద్దావిడేనా?"

"రేపటికి డెబ్బై నిండుతాయి."

"నిండనీ నాయనా, నిండనీ," అని నా చెయ్యి పట్టుకుంది. "నాలుగు కట్టలా. ఇంత ప్రేమగల అల్లుణ్ణి నేను చూడలేదు."

నా ఛాతీ ఉప్పొంగింది.

"పన్నెండేళ్లలో ఇంత చవగ్గా నేనూ తేలేదు," అని ఇంట్లో పెర్లీటా కూడా ఒప్పుకుంది. ఆ మాటను మూడు నిమిషాలు అనుభవించాను. నాలుగో నిమిషంలో అత్తగారు లుంపియా చుట్టడానికి కట్ట విప్పారు. మనీలాలో చైనావాళ్ల పేట పక్కనే పెరిగిన మనిషి.

"అమ్మాయ్, ఇవి రేకులు కావే. చైనావాళ్లు పోయినవాళ్లకు పైలోకంలో ఖర్చులకని తగలబెట్టే కాగితం డబ్బు."

పెర్లీటా నావైపు తిరిగింది. ముసలావిడ వెంటపడి కొన్న సంగతి చెప్పేశాను.

"నాలుగు కట్టలు తెచ్చాడు," అన్నారు అత్తగారు. "అక్కడ నాకు ఏ లోటూ ఉండకూడదని కాబోలు."

"తప్పు నాదేనమ్మా. ఈయన్ని ఒంటరిగా పంపాను."

"తిట్టకే. తలకాయలు మాత్రం బంగారంలా ఉన్నాయి. ఆ ముసలావిడ ఎవరో గట్టిది. నాకు చూడాలనుంది."

మర్నాడు ఇరవైమందీ తలకాయల పులుసు గిన్నె అడుగుదాకా నాకారు. పై శనివారం తల్లీకూతుళ్లిద్దరినీ కొట్టుకు తీసుకెళ్లాను. ముసలావిడ చేపల దగ్గరే ఉంది. అత్తగారిని పైనుంచి కిందిదాకా చూసి నా చెవిలో, "ఈవిడేనా? బాగానే ఉన్నారే. ఆ కట్టలు దాచిపెట్టు," అంది.

ఇప్పుడు ప్రతి శనివారం ముగ్గురూ కలిసే చేపను చూస్తారు. ఒకరు కన్ను, ఒకరు మొప్ప, ఒకరు తోక. ఐదు గంటలు. బండ్లు మూడు. తోసేవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.