గోదాముల బజారులో మూడు నిద్రలు

బుధవారం పొద్దున పుల్లారావు వేసుకున్న లెక్క చిన్నది. పదింటికల్లా ఈపూరు మిరపకాయలు దించుకోవాలి, మధ్యాహ్నానికి లారీ ఎత్తించాలి, మధ్యలో చెల్లెలి వ్యాసానికి అరగంట.

చెల్లెలు కృష్ణకుమారి నరసరావుపేటలోనే ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. అన్న గోదాము ఎదుట ఉన్న నిద్రగన్నేరు చెట్టు మీద ఆరేళ్లుగా పరిశోధన చేస్తోంది. ఆ చెట్టు పొద్దు వాలితే ఆకులు ముడుస్తుంది, మబ్బు పట్టినా ముడుస్తుంది, వాన రాబోయే ముందూ ముడుస్తుంది. ఈ మూడూ మూడు రకాల నిద్రలని ఆమె తేల్చింది. ఇంకొక్క ఏడాది కొలతలు తీస్తే పని గట్టెక్కుతుంది. ఇంతలో మురుగుకాలువ కోసం శనివారం చెట్టు కొట్టేస్తామని మునిసిపాలిటీ వాళ్లు కాండానికి ఎర్రరంగు గుర్తు పెట్టి వెళ్లారు. నలుగురూ చదివి, ఆఫీసుకెళ్లి అడ్డుచెబుతారన్న ఆశతో ఆమె ఇంటర్నెట్‌లో పెట్టడానికి ఒక వ్యాసం రాసింది. పద్నాలుగు పేజీలు.

పుల్లారావు రెండో పేజీ దగ్గరే ఆగిపోయాడు.

"ఏందమ్మాయ్ ఇది? కొనేవాడికి బస్తా మొత్తం కుమ్మరించి చూపిస్తామా? చిన్న కోత పెట్టి గుప్పెడు కాయలు తీస్తాం. రంగు నచ్చితే తక్కింది వాడే అడుగుతాడు."

"ఆరేళ్ల పని అన్నయ్యా ఇది."

"అయినా గుప్పెడే. ఇటియ్యి."

చెట్టు పోతే లారీ నేరుగా గుమ్మంలోకే వస్తుందన్న సంగతి ఆయన లెక్కలో లేకపోలేదు. కానీ చెల్లెలి ముఖం వాడిపోయి ఉంది. పైగా చెట్టు గురించి ఎవరు చదువుతారులే అనుకున్నాడు. పద్నాలుగు పేజీలనూ మూడు ముక్కల్లోకి కుదించి చెట్టు ఫోటో కింద తానే టైపు చేశాడు: "గోదాముల బజారు నిద్రగన్నేరు. మూడు నిద్రలు. శనివారం దాకానే." క్లాసుకు వేళవుతోందని ఆమె చూడకుండానే సరేనంది. అది అలాగే ఇంటర్నెట్‌కెక్కింది.

మొక్కుకున్న చోటికి వెళ్లి పడుకుని రావడాన్ని నిద్ర చేయడం అంటారన్న సంగతి, అక్కడే పుట్టి పెరిగిన అన్నాచెల్లెళ్లిద్దరికీ ఆ పూట తట్టలేదు.

గురువారం మధ్యాహ్నం ఈపూరు నుంచి వెంకాయమ్మ అనే ముసలావిడ చాప చంకన పెట్టుకుని దిగింది. సాయంత్రం బస్సు దాటితే ఇల్లు చేరలేనని, పగటి నిద్ర పనికొస్తుందా అని అడిగింది. ఎండన పడి వచ్చింది, కాసేపు నీడన పడుకుంటానంటోంది కాబోలు అనుకున్నాడు పుల్లారావు.

"నిద్ర నిద్రేగా పెద్దమ్మా. పడుకో."

ఆ మాట చెట్టు యజమాని మాటగా ఈపూరు బస్సెక్కి వెళ్లింది.

శుక్రవారానికి ముప్పై ఏడు చాపలు పరిచారు. మాత్రలు వేసుకున్నా కన్ను మూతపడని హజ్రా బీ తన కోడలు ఫాయిజాను తోడు తెచ్చుకుంది. ముందు కోడలే నిద్రపోయింది. ఇంతలో మబ్బు కమ్మింది. పైన ఆకులు దండం పెడుతున్నట్టు ఒక్కొక్క జతే ముడుచుకున్నాయి. గులాబీరంగు పూల కేసరాలు నిద్రపోతున్న వాళ్ల నుదుళ్ల మీద రాలాయి. మిరప ఘాటు సైతం ఆ నీడలోకి వచ్చేసరికి మెత్తబడింది. హమాలీలు ఎత్తిన బస్తాలు దించి వాటి మీదే ఒరిగారు. దారి లేక లారీ సందు మొదట్లో ఆగితే, డ్రైవరు స్టీరింగుకు తల ఆనించాడు. బజారంతా నీళ్ల అడుగున ఉన్నట్టు నిమ్మళించింది.

కృష్ణకుమారి పరుగున వచ్చి, నిద్ర చెట్టుదే గాని మనుషులది కాదని చెప్పబోయింది.

"మెల్లిగా తల్లీ," అంది వెంకాయమ్మ కళ్లు తెరవకుండానే. "నాది రెండో నిద్ర."

కృష్ణకుమారి ఇంటికెళ్లి సవరణ రాసి పెట్టింది. అదీ పద్నాలుగు పేజీలే. ఒక్కరూ చదవలేదు. మునిసిపాలిటీకి వెళ్లి చెట్టు సంగతి అడిగిన వాళ్లూ లేరు.

శనివారం ఇంజనీరు రంపం మనుషులతో వచ్చాడు. చాపలు అరవై దాటాయి. అందర్నీ లేపమన్నాడు. పుల్లారావు వెంకాయమ్మ భుజం తట్టాడు.

"మూడో నిద్ర మధ్యలో లేపితే మళ్లా మొదట్నించీ చెయ్యాల నాయనా," అందావిడ. "చెట్టు కొట్టేశాక ఆ మూడ్రోజులూ నీ ఇంట్లో పడుకోమంటావా?"

అరవై మందికి మూడేసి రోజులు. లెక్క తేలగానే పుల్లారావు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వాళ్లంతట వాళ్లే లేస్తారని ఇంజనీరు కూర్చున్నాడు. మళ్లీ మబ్బు వేసింది. ముందు రంపం మనుషులు ఒరిగారు, తర్వాత ఇంజనీరు. బస్తాలు లెక్కపెడదామనుకున్న పుల్లారావు పదకొండో బస్తా దగ్గరే నిద్రలోకి జారాడు. కలలో ముడుచుకున్న ఆకుల్ని కాటాకెత్తుతున్నాడు. ఎంత పోసినా ముల్లు కదలడం లేదు, అయినా ఎందుకో తొందర కలగడం లేదు.

మెలకువ వచ్చేసరికి చాపల మధ్య కాలి వేళ్ల మీద నడుస్తూ కృష్ణకుమారి కొలతలు రాసుకుంటోంది. అంత కమ్మగా నిద్రపోయి ఏళ్లయిందన్నాడు ఇంజనీరు. తన చేత్తోనే చెట్టు మీది ఎర్రగుర్తు చెరిపేశాడు. కాలువ ఎటో ఒకవైపు పోవాలి కనుక, కొత్త గుర్తు పుల్లారావు గోదాము అరుగు మీద పెట్టించాడు.

సోమవారం కృష్ణకుమారి ఇంకో వ్యాసం తెచ్చి కుదించి పెట్టమంది. పలుగు దెబ్బలకు అరుగు పెచ్చులు లేస్తుండగా పుల్లారావు కాగితాలు తిరిగి ఆమె చేతిలో పెట్టి, ఈసారి ఇంకో ఆరు పేజీలు పెంచమన్నాడు.