వీధంతా బరువెక్కిన ఆదివారం

"ఈ కోంటా బజార్ల నాకు దొరకని దొంగ ఇంకా పుట్టలే!" అని చలమయ్య అరుగు మీద నిలబడి ప్రకటించాడు.

"ముందు ఆ లుంగీ చూస్కోండి. తిరగేసి కట్టిన్రు" అంది లోపలి నుంచి భార్య రత్తమ్మ.

డిటెక్టివ్ బిరుదు చలమయ్యకు ఎవరూ ఇవ్వలేదు. తనే పుచ్చుకున్నాడు. పోయినేడు పెరుగు దొంగ కోసం పక్కింటివాళ్ళందరినీ నిలదీసి, చివరికి పిల్లి మూతి చూసి ఊరుకున్నాడు.

ఈసారి కేసు పెరుగు కాదు. పిల్లలకు లేత వయసులోనే ఊబకాయం రాకూడదని ఆరోగ్య కార్యకర్త ఊర్మిల వీధంతటినీ కూడగట్టింది. పిల్లలే కాదు, ఇంటిల్లిపాదీ శబరి నది ఒడ్డుదాకా నడవాలి. మనవలు మానిన జిలేబీ తాతలూ మానాలి. ప్రతి ఆదివారం అందరూ బరువు తూగాలి.

అంతా బాగానే సాగింది. పోయిన ఆదివారం ఊర్మిల తెచ్చే బరువు మెషిన్ పాడైంది. రత్తమ్మ తమ్ముడు కోటిలింగం పెద్దమనసు చేసుకుని, తన కొట్టులో బియ్యం తూచే కాంటా చూపించాడు. తీరా తూగితే వీధి వీధంతా బరువెక్కింది. చలమయ్య మనవరాలు అపర్ణ ఏకంగా నాలుగు కిలోలు!

"దొంగతనంగ ఏం తిన్నవే?" అని తల్లి గద్దించింది.

"నేనేం తిన్లే! నన్ను దొంగన్నరు గదా. ఇగ నడకకు రాను పో!" అపర్ణ బూట్లు మంచం కిందికి విసిరేసింది.

చలమయ్య మనవరాలి తల నిమిరాడు. "బిడ్డా, నీ మీద పడ్డ మచ్చ తుడవకుంటే నేను డిటెక్టివ్‌నే కాదు."

"నువ్వు గూడ ఏడు కిలోలు పెరిగినవ్ తాతా."

"చూసినవా! నాకు తెల్వకుండ నాకే తినిపించిండంటే వాడెంత గుండెలు తీసిన బంటో!"

దర్యాప్తు మొదలైంది. బెల్లం వాసన కోసం వీధిలో ప్రతి ముసలమ్మ చెయ్యీ వాసన చూశాడు. ఒకామె అదే చేత్తో చెంప మీద ఒకటిచ్చింది. ఆ చేతికి బెల్లం వాసన లేదని గట్టిగా తేలింది. మరి బెల్లం ఎవరి కొట్లో ఉంది? బామ్మర్ది కొట్లో!

ఆదివారం పొద్దున్నే వెళ్ళి, ఆ కొట్లో బస్తాల మీదికెక్కి నెత్తిన గోనెసంచి కప్పుకున్నాడు. పక్కనే పాత తూనికరాళ్ళు పెట్టిన చెక్క. కింద కాంటా. మళ్ళీ తూగడానికి జనం వచ్చారు. అపర్ణను తల్లి చెయ్యిపట్టి లాక్కొచ్చింది. బియ్యం కొనడానికి అడవి పల్లె నుంచి వచ్చిన కేసా సంచితో నిలబడ్డాడు.

చలమయ్య ఎక్కింది ఎండుమిర్చి బస్తాలు. ముక్కు ఎంతసేపని ఓర్చుకుంటుంది? హాఛ్! మోచెయ్యి తగిలింది. పది కిలోల ఇనుపరాయి దభీమని కాంటా మీద పడింది. వెనకే చలమయ్య నేల మీద పడ్డాడు.

కాంటా మీద ఎర్రగా అంకె వెలిగింది. పదకొండు.

అపర్ణ వంగి రాయి మీది అంకె చూసింది, కాంటా చూసింది.

"తాతా, ఈ రాయి గూడ దొంగతనంగ లడ్డూలు తిన్నదా?"

ఊర్మిల పకపకా నవ్వింది. కేసా నవ్వలేదు. "సేఠ్, మొన్న నాకిచ్చిన బియ్యం గూడ ఇట్లనే పెరిగిందా?"

"కేసా, లోపలికి రా, మాట్లాడుకుందాం" అన్నాడు కోటిలింగం.

"ఈడనే మాట్లాడు సేఠ్."

రత్తమ్మ మొగుణ్ణి గుడ్లురిమి చూసింది. "ఊళ్ళె ఇంకెవ్వరు దొరకలేదా మీకు? నా తమ్ముడేనా?"

"నాకు మొదటి నుంచే తెలుసు" అన్నాడు చలమయ్య, గోనెసంచిలోంచి తల తీస్తూ.

"ఏం తెలుసు?"

"అదే ఇంకా ఆలోచిస్తున్న."

అపర్ణ తల్లి ఇంటికి పరిగెత్తి బూట్లు తెచ్చింది. కింద కూర్చుని తనే తొడిగింది. "తప్పయింది బిడ్డా."

"నువ్వు గూడ నడువాలె. మధ్యల ఆగొద్దు" అంది అపర్ణ.

వీధంతా శబరి వైపు కదిలింది. కోటిలింగం మాత్రం కొట్లోనే ఆగిపోయాడు. తక్కువ తూచిన బియ్యం అడగడానికి కేసా వెనక మిగతా బేరగాళ్ళు అప్పటికే వరస కట్టారు. ఆ పూట కోంటాలో నిజంగా బరువు తగ్గింది కోటిలింగం బియ్యం గోదాము ఒక్కటే.