క్యారెట్లు కడిగిన చక్రం

ఆ రోజు పొద్దుటి ఏర్పాటులో గందరగోళానికి చోటే లేదు. హోటలు మేనేజరు వచ్చేలోగా క్యారెట్లు కడగాలి, బుట్టల్లో సర్దాలి, వరండాలో పెట్టాలి, ఆ తర్వాత అందరూ మొహాలు కడుక్కుని నిలబడాలి. ఆయన చూసి సరేనంటే ఏడాది పొడవునా ఆ హోటలు వంటింటికి క్యారెట్లు ఈ తోటనించే వెళ్తాయి. విత్తనం వేసిన నాటినించీ ఆ ఇంటి ఆవిడ ఈ ఆర్డరు కోసమే ఎదురుచూస్తోంది. నిద్రలో కూడా బుట్టలు సర్దుతోందని ఆవిడ భర్త అంటాడు.

కడగడానికి ఆ ఇంట్లో ఒక యంత్రం ఉంది. దాన్ని కనిపెట్టింది ఆవిడ తండ్రి. పికప్ ట్రక్కు వెనక కుడి చక్రాన్ని జాకీతో పైకెత్తి, దానికో బెల్టు చుట్టి, బెల్టు రెండో కొసని చిల్లులు పొడిచిన ఇనప పీపాకి తగిలిస్తాడు. బండి గేరులో పడగానే గాల్లో ఉన్న చక్రం తిరుగుతుంది, దాంతో పీపా తిరుగుతుంది. లోపలి క్యారెట్లు గొట్టం నీళ్లలో పొర్లి పొర్లి, స్నానం చేసి తల దువ్వుకున్న పిల్లల్లా బయటికొస్తాయి. నేలమీదున్న ఎడమ చక్రం మాత్రం అంగుళం కదలదు. “అదీ నా తెలివి” అంటాడాయన.

నిజానికి అది ఆయన తెలివి కాదు, బండి జబ్బు. వెనక ఇరుసు నడుమ ఉండే డిఫరెన్షియల్లో కొన్ని పలకలుంటాయి. ఒక చక్రం పట్టు తప్పి ఊరికే తిరుగుతుంటే, ఆ బలంలో కొంత రెండో చక్రానికి కూడా పంచడం వాటి పని. ఈ బండిలో ఆ పలకలు అరిగిపోయి ఎప్పుడో చేతులెత్తేశాయి. అందుకే పెరట్లో ఒంటి చక్రం హాయిగా తిరిగి క్యారెట్లు కడిగేది. అందుకే వాన పడ్డ రోజున, తోటనించి రోడ్డెక్కే ఏటవాలు దారిలో, ఒంటి చక్రమే గిరగిరా తిరిగి వెనకున్నవాళ్ల మొహాన బురద కొట్టేది. ఈ రెండూ ఒకటే జబ్బని ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

అల్లుడికీ తట్టలేదు. అతని దిగులంతా ఆ ఏటవాలు గురించే. ఆర్డరు వచ్చిన మొదటి వానకే బండి కూరుకుపోతే భార్య మొహం ఎలా అయిపోతుందో ఊహించుకుని, ముందురోజు మధ్యాహ్నం డీజిలు పోయించుకొస్తానని చెప్పి బండిని మెకానిక్ దగ్గరికి తోలుకెళ్లాడు. ఆ మెకానిక్‌ని అందరూ మీసాలాయన అంటారు. మీసాలకి తగ్గట్టే గొంతు కూడా ఉంటుంది.

“పలకలన్నీ కొత్తవేశానన్నా” అన్నాడు మీసాలాయన, చేతులు తుడుచుకుంటూ. “ఇక రెండు చక్రాలూ అన్నదమ్ముల్లా ఉంటాయి. ఆస్తి పంచుకోకముందు అన్నదమ్ముల్లా.”

“ఎక్కడా అనకు. బండిమీద ఇంకొకడి చెయ్యి పడిందని తెలిస్తే మావయ్య నన్ను బతకనివ్వడు. నీ నంబరు ‘పెద్దమ్మ’ అని రాసుకున్నా. ఎప్పుడైనా మా ఆవిడ ఎత్తితే నువ్వు మా పెద్దమ్మవి.”

“నేనా?”

“జలుబు చేసిన పెద్దమ్మవి.”

మర్నాడు పొద్దున్నే మామగారు యథాప్రకారం కుడి చక్రాన్ని పైకెత్తాడు. రాత్రి వాన పడి నేలంతా మెత్తగా ఉంది. కూతురూ అల్లుడూ పీపాలోకి క్యారెట్లు పోస్తున్నారు. సరిగ్గా అప్పుడే, తన షెడ్డులో కాఫీ తాగుతున్న మీసాలాయనకి ఆ ముసలాయన క్యారెట్ల యంత్రం గుర్తొచ్చింది. చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఇప్పుడు ఒక చక్రం ఎత్తి గేరేస్తే, నేలమీదున్న రెండో చక్రం చూస్తూ కూర్చోదు. బండిని తీసుకుని బయల్దేరుతుంది.

వెంటనే ఫోన్ చేశాడు. అల్లుడు మరో బుట్ట తేవడానికి తోటలోకి వెళ్లాడు. అరుగు మీదున్న ఫోన్ భార్య ఎత్తింది.

“పెద్దమ్మా! ఎలా ఉన్నారు? గొంతేంటి అలా అయిపోయింది?”

ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు మీసాలాయన.

“జలుబమ్మా” అన్నాడు.

“అయ్యో, మిరియాల పాలు తాగండి.”

“తాగుతా తల్లీ. అబ్బాయికి చెప్పు, నేనొచ్చేదాకా బండి ముట్టుకోవద్దని. నేను బయల్దేరుతున్నా.”

ఆవిడ ఫోన్ పెట్టేసి తండ్రి వైపు పరిగెత్తింది. “నాన్నా, కొంప మునిగింది! పెద్దమ్మగారు వస్తున్నారు. బండి ఆవిడకి కావాలిట. మళ్లీ బీరువా మారుస్తున్నట్టున్నారు.”

“పోయినసారి రెండ్రోజులు వదల్లేదు మహాతల్లి!”

“అందుకే, ఆవిడ వచ్చేలోపే మొదలుపెట్టెయ్. తిరుగుతున్న యంత్రం ఆపమని అడగలేరుగా.”

మామగారికి మోకాలు సరిగ్గా వంగదు. అంచేత ఆయన డ్రైవరు సీట్లోకి ఎక్కడు. తలుపు తెరిచి, ఆనుకోవడానికి వీలుగా దాని అద్దం పైకెత్తి, బయట నిలబడి, క్లచ్‌ని కర్రతో నొక్కి, గేరు వేసి, కర్రని నెమ్మదిగా వదులుతాడు. ఆ పూటా అలాగే వదిలాడు.

బండి ఒక్క ఊపు ఊపి జాకీ మీంచి దిగింది. ముందు చక్రాలకి అడ్డం పెట్టిన ఇటుకల్ని బురదలోకి తొక్కింది. తలుపు దానంతటదే ధడాలున మూసుకుంది. దాని బయటి పిడి పాడై చాలా కాలమైంది, కిటికీలోంచి చెయ్యి పెట్టి లోపలినించి తియ్యాల్సిందే; అద్దమేమో పైకుంది. రెండో తలుపుకి తీగ చుట్టి ఉంది. పీపా తన పీట మీంచి దూకి, బండి వెనకాల కొంత దూరం దొర్లి, బెల్టు తెగాక ఆగింది. క్యారెట్లు మాత్రం ఆగలేదు.

“ఏయ్! ఏయ్! ఎక్కడికే?” అని అరిచాడు మామగారు, మేకని పిలిచినట్టు.

తోటలోంచి వస్తున్న అల్లుడు బుట్ట పారేసి పరిగెత్తాడు. బండి పెద్ద వేగంగా ఏమీ పోవడం లేదు. భోజనం చేసి షికారుకి వెళ్తున్న మనిషిలా పాత చక్రాల గాడుల్లో పడి, తిన్నగా ఏటవాలు ఎక్కుతోంది. ఇన్నేళ్లూ బండిని ఎక్కనివ్వని బురద ఇప్పుడు మనుషుల్ని ఎక్కనివ్వలేదు. అల్లుడు రెండడుగులు వేసి మూడడుగులు జారాడు. చివరికి ఎలాగో వెనక బంపరు పట్టుకున్నాడు. బండి అతణ్ని కూడా బోర్లా పడుకోబెట్టి పైకి లాక్కెళ్లింది.

“బ్రేకు తొక్కు అల్లుడూ!”

“వెనకనించి ఎలా తొక్కను మావయ్యా?”

“వదిలేయండీ! పోతే పోనీ, చెయ్యి వదిలేయండి!” అని వెనకనించి భార్య.

పైన రోడ్డు పక్కన కారు ఆపి, హోటలు మేనేజరు గొడుగు విప్పుకుంటూ దిగాడు. ఎదురుగా బండి వస్తుంటే మర్యాదగా పక్కకి తప్పుకుని డ్రైవరుకి చెయ్యి ఊపాడు. బండి దాటుతుండగా లోపలికి చూశాడు. ఊపిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. బండి ఇంకాస్త ముందుకెళ్లి, ఆకు ఎరువు కుప్పలో మూతి పెట్టి, రెండు దగ్గులు దగ్గి ఆగింది. దేవుడి దయ, ఆ కుప్ప ముందురోజే పోశారు. దాని వెనకాల ఉన్నది మేనేజరు కారే.

అల్లుడు లేచి నిలబడ్డాడు. కళ్లు తప్ప మిగతాదంతా బురదే.

“మావయ్యా, తప్పు నాదే. నిన్న డిఫరెన్షియల్ బాగుచేయించాను.”

మామగారు రొప్పుతూ పైకొచ్చాడు. “బాగుచేయించారా అల్లుడుగారూ? తమరు బాగుచేయించబట్టే నా యంత్రం పాడయిందా?”

అంతలో స్కూటరు మీద మీసాలాయన వచ్చి వాలాడు. భార్య అతణ్ని ఎగాదిగా చూసింది. “ఎవరు మీరు?”

“నేనేనమ్మా, పెద్దమ్మని” అన్నాడతను తల వంచుకుని.

ఆ గొంతు గుర్తుపట్టాక ఆవిడ భర్త వైపు చూసిన చూపుకి అతను మళ్లీ బురదలో పడుకుంటే బాగుండుననుకున్నాడు. కానీ తిట్టడానికి ఆవిడకి ఓపిక లేదు. దారి పొడవునా క్యారెట్లు పడున్నాయి. ఒకటి తీసి చేత్తోనే మట్టి తుడుస్తూ మేనేజరు దగ్గరికెళ్లింది.

“ఒక్క గంట ఉండండి సార్. చేత్తోనైనా కడిగి చూపిస్తాను. సరుకు మంచిది, మట్టి ఒక్కటే...” అంటూ ఆ క్యారెట్టుని ఆయన ముందుకి చాపింది.

“కడగొద్దమ్మా!” అన్నాడు మేనేజరు కంగారుగా. “కడిగితే మా స్టోరులో నిలవుండవు. మట్టితోనే కావాలి. ఇన్నాళ్లూ వేరేవాళ్లు కడిగినవే తెచ్చిచ్చి కుళ్లబెట్టారు. కడగమని మీకెవరు చెప్పారు?”

ముగ్గురూ మామగారి వైపు చూడలేదు. అది వాళ్ల మంచితనం.

“కడగక్కర్లేదా?” అన్నాడాయన, చాలా చిన్న గొంతుతో.

“ఇంట్లోకి కావాలిగా నాన్నా, కడగడం” అంది కూతురు. అల్లుడు తన బురద చెయ్యి అందిస్తే ఆయన కాసేపు ఆలోచించి పట్టుకున్నాడు.

మేనేజరు ఏటవాలు కిందికి చూశాడు, బండిని చూశాడు, మళ్లీ ఏటవాలుని చూశాడు. “మా వంటింటి వెనక దారి కూడా ఇలాంటిదే. వాన పడితే ఏ బండీ ఎక్కదు. మేమే సరుకు మోసుకోవాలి. ఇది డ్రైవరు లేకుండానే ఎక్కేసింది కదా!”

అక్కడే, ఎరువు కుప్ప పక్కనే, ఏడాది ఆర్డరు ఖాయమైంది. మేనేజరు పెట్టిన షరతు ఒక్కటే: బండి హోటలుకి వచ్చేటప్పుడు లోపల ఎవరో ఒకరు కూర్చుని ఉండాలి.